డి డ్రైవు పంపకాలు

మండలాఫీసులో ముగ్గురన్నదమ్ముల పంపకాలు జరుగుతున్నాయనీ, తగువు ఇప్పట్లో తెగేలా లేదనీ మా పక్కింటి సూరమ్మ వదిన మా ఆవిడతో చెప్పిందట. మా ఆవిడ ఆ సంగతి అంబలి కలుపుతూ నా చెవిన వేసింది.

"పెద్దోడి పేరు సీ అంట, నడిపోడు డీ అంట, సిన్నోడు ఈ అంట. ఏటా పేర్లు? ఆళ్లమ్మకి పేరెట్టడానికైనా తీరిక లేదు కావాల. పెద్దోడిని కదిపితే ఇల్లంతా కూలిపోతాదంట, అందుకని ఆడి జోలికి ఎవులూ పోరంట. నడిపోడిది పెద్ద సంసారం. కాలెట్టడానికి జాగా లేదంట. సిన్నోడు ఐదేళ్లకోసారి తలుపు తీస్తాడంట గానీ ఆడికి మాత్రం బారెడు వాకిలంట. ఆడింటెనకాల బోల్డు ఖాళీ జాగా, ఎవులి పేరనా లేదంట. దానికోసం ఆఫీసంతా కొట్టుకు సస్తన్నారంట."

"మరి ఆడపిల్లలు లేరా, సమాన వాటా అడగడానికి?" అన్నాను.

"నానూ అదే అడిగాను. సూరమ్మకి తెలీదంట."

సూరమ్మ వదిన కల్పించి చెప్పే మనిషి కాదు. కూతురు హిమబిందు స్థానికత ధ్రువపత్రం కోసం ఆఫీసుకి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి, విన్నది విన్నట్టు మోసుకొచ్చింది. పిల్లకి నర్సింగు కాలేజీలో సీటు వచ్చే మార్కులొచ్చాయి. సోమవారం పట్నంలో కౌన్సెలింగు. స్థానికుల కోటాలో చేరాలంటే, ఈ పిల్ల ఈ నేలదే అని తహశీల్దారు సంతకంతో ఒక్క కాగితం చూపించాలి. ఆ కాగితం లేకపోతే ఎక్కడి పిల్లో అయిపోతుంది.

ఊళ్లో డిగ్రీ చదివి నాగలి పట్టిన పాపానికి, ఆఫీసు పనంటే ఎవరైనా నన్నే వెంటబెట్టుకుపోతారు. మర్నాడు బుధవారం సూరమ్మ వదినతో నేనూ వెళ్లాను.

ఆపరేటరు దిలీప్ ఉన్న సంగతి చెప్పాడు. ఆఫీసు కంప్యూటరులో పాత డిస్కు కొన్నాళ్లుగా గాదెలో పందికొక్కులా గీరుతుంటే, జిల్లా నుంచి కొత్త డిస్కు పంపించారు.

"కొత్తది పాతదానికి నాలుగింతలు మాస్టారూ. పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఇందులోకి దించాను. సీ, డీ, ఈ అన్న గదులు కూడా పాత కొలతలతోనే దిగిపోయాయి. ధ్రువపత్రాలన్నీ డీ గదిలోనే దాయాలని రూలు. డీ నిండిపోయింది. మిగిలిన జాగా అంతా ఆ చివర, 'ఈ' గది అవతల, ఉత్తినే పడుంది. డీని పెంచుదామంటే మధ్యలో 'ఈ' అడ్డం."

"ఈని అవతలికి జరపలేవా?"

"జరపొచ్చు. గంట పని."

"మరి జరపలేదేం?"

దిలీప్ తల గోక్కున్నాడు. "అనుమతి కోసం నోటు పెట్టాను మాస్టారూ."

అక్కడ పడింది ముడి. ఆ నోటులో దిలీప్ 'డిస్కు పార్టిషన్లు సవరించుటకు అనుమతి కోరడమైనది' అని రాశాడు. రెవెన్యూ ఆఫీసులో పార్టిషన్ అన్న మాటకి తాతల నాటి నుంచీ ఒకటే అర్థం. అన్నదమ్ములు విడిపోవడం. హెడ్డు గుమస్తా కళ్లజోడు సర్దుకుని, నోటుకి భాగపంపిణీ నంబరు వేసి, ఆ కట్టలో పెట్టేశాడు. ఒకసారి కట్టలో పడ్డ కాగితం గాలానికి పడ్డ చేపే. బయటికి రావడమంటూ జరిగితే వండడానికే వస్తుంది.

మేం మాట్లాడుతుండగానే తహశీల్దారు పురుషోత్తం గారు వచ్చారు. నిదానస్థులు. మంచినీళ్లు తాగినా గ్లాసు వైపు ఒకసారి పరిశీలనగా చూసి తాగుతారు.

"పార్టిషన్ అను పదమును ఈ కార్యాలయము తేలికగా తీసుకొనజాలదు," అన్నారు. "సదరు డిస్కు స్వార్జితమా, పిత్రార్జితమా? ముందు అది తేలవలెను."

"జిల్లా నుంచి వచ్చిందండి," అన్నాడు దిలీప్.

"అనగా పైనుంచి సంక్రమించినది. పిత్రార్జితము. అందరికీ హక్కు ఉండును."

సూరమ్మ వదిన చేతులు జోడించింది. "బావూ, మా పిల్ల కాయితం..."

"నీ దరఖాస్తు ఆమోదింపబడినదమ్మా. విచారణ పూర్తయినది. నా సంతకము సైతము సిద్ధము. భద్రపరచబడుట ఒక్కటియే తరువాయి. భద్రపరచనిదే యంత్రము ముద్రించదు."

"అయితే సేత్తో రాసి ఇచ్చీండి."

"చేతివ్రాత చెల్లదు. యంత్రములో లేని మనిషిని స్థానికురాలని మేమెట్లు నమ్మగలము?"

"మా తాతముత్తాతల కాణ్ణించీ ఈ గెడ్డ నీళ్లే తాగుతున్నాం గదా బావూ."

"గెడ్డకు సర్వరుతో అనుసంధానము లేదు," అన్నారు పురుషోత్తం గారు. వెక్కిరింపు కాదు. నిజంగా విచారించే అన్నారు.

నేను ఇంకో దారి చూశాను. "డీలో పనికిరానివి ఏవైనా తీసేస్తే ఒక్క కాగితానికి చోటు రాదా అండీ?"

డీలో ఏమున్నాయో దిలీప్ తెరిచి చూపించాడు. ధ్రువపత్రాలు ఓ మూల ముడుచుకుని ఉన్నాయి. మిగతాదంతా పాత తహశీల్దార్ల వీడ్కోలు సభల ఫొటోలు, కొత్త తహశీల్దార్ల స్వాగత సభల ఫొటోలు. శాలువా కప్పుతున్నవి, కప్పాక సర్దుతున్నవి, సర్దాక మళ్లీ కప్పుతున్నవి.

"అవి తొలగింపదగినవి కావు," అన్నారు పురుషోత్తం గారు. "ఒకరు వెళ్లినారనుటకు, మరొకరు వచ్చినారనుటకు అవియే సాక్ష్యము. అవి తీసివేసినచో ఈ కుర్చీలో నేను ఎట్లున్నాను?"

దిలీప్ ఆ ఫొటోలు మూసేశాడు.

ఆ మధ్యాహ్నమే నోటీసులు తయారయ్యాయి. పంపకమన్నాక వాటాదారులకు నోటీసివ్వాలి, ఏడు రోజులు గడువివ్వాలి. సీకి ఒకటి, డీకి ఒకటి, ఈకి ఒకటి. సాక్షుల ఎదుట అందజేయాలి కాబట్టి నన్నూ సూరమ్మ వదిననీ సాక్షులుగా నిలబెట్టారు. తలారి మైదాపిండి జిగురు ఉడికించి తెచ్చి మూడు నోటీసులూ కంప్యూటరు పెట్టెకి అతికించాడు. తర్వాత డప్పు తెచ్చి బల్ల చుట్టూ తిరుగుతూ దండోరా వేశాడు.

"సీ, డీ, ఈ అనే వాటాదారులకీ, చుట్టుపక్కల హద్దుదారులకీ తెలియజేయడమేమనగా!"

నోటీసులు పెట్టె గాలి రంధ్రాల మీద పడ్డాయి. కాసేపటికి యంత్రం వేడెక్కి ఆగిపోయింది. హెడ్డు గుమస్తా వంగి చూసి, 'వాటాదారులు నోటీసు అందుకొని మౌనము వహించిరి' అని రాసుకున్నాడు.

"ఏడు రోజులంటే సోమవారం దాటిపోతాది గదా బావూ!" సూరమ్మ వదిన గొంతు పైకి లేచింది. "అడ్డం సెప్పీవోళ్లు ఎవులున్నారిక్కడ?"

"అది తెలుసుకొనుటకే గడువు," అన్నారు పురుషోత్తం గారు.

మర్నాడు సర్వే చేయించారు. మండల సర్వేయరు జగ్గునాయుడు గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. మనిషి మంచివాడే గానీ, గొలుసు చేతిలో లేకపోతే కంచంలో అన్నం ఎంతుందో కూడా చెప్పలేడు. పెట్టె మూత ఊడదీయించి, అరచేయంత డిస్కుని చూసి తెల్లబోయాడు.

"ఓరి దిలీపూ, ఇదేనేటిరా ఆస్తంతా? నా గొలుసులో లింకంత లేదు."

"చూడ్డానికి అంతేనండి. లోపల ఐదొందల జీబీ."

"జీబీలు నాకెందుకురా? ఎకరాల్లో సెప్పు."

దిలీప్‌కి చెప్పడం రాలేదు. పురుషోత్తం గారే ఆలోచించి, జీబీ ఒక్కింటికి సెంటు చొప్పున ఐదెకరాలుగా ఖాయపరిచారు. నాలుగు హద్దులు రాయించారు. తూర్పున ఫ్యాను, పడమట తీగల గుత్తి, ఉత్తరాన రేకు, దక్షిణాన ఏమీ లేదు. హద్దురాళ్లు పాతాలన్నారు.

"రాళ్లు పెడితే డిస్కు తిరగదండి," అన్నాడు దిలీప్.

"తిరుగుటయా? భూమి తిరుగుటేమి?"

"భూమి తిరుగుతాదనే మా బళ్లో సెప్పినారండి," అన్నాడు జగ్గునాయుడు.

"బడిలో చెప్పినది రికార్డులో లేదు."

చివరికి రాళ్లకి బదులు పసుపు బొట్లతో రాజీపడ్డారు. బొట్లు పెట్టి, మూత బిగించి, యంత్రం వెలిగించి విస్తీర్ణం సరిచూద్దామంటే కొత్త గొడవ పుట్టుకొచ్చింది. డిస్కు మీద అట్టముక్కపై ఐదొందలని ఉంది. తెర మీద నాలుగొందల అరవై ఐదే చూపిస్తోంది. కంపెనీవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడనీ, కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగు చొప్పున కొలుస్తుందనీ, అందుకే ఆ తేడా అనీ దిలీప్ చెప్పబోయాడు. ఎవరూ విననివ్వలేదు.

జగ్గునాయుడి కళ్లు మెరిశాయి. ఇరవయ్యేళ్ల సర్వీసులో అతను చూసిన కేసులు నూటికి తొంభై ఇలాంటివే.

"ముప్పయ్యయిదు సెంట్లు పోనాదండి. కబ్జా! గట్టు నరుక్కుంటా ఎవుడో లోనికొచ్చీసినాడు."

"హద్దుదారులెవ్వరు?"

"తూర్పున ఫ్యానండి."

ఫ్యానుకి ఆక్రమణ నోటీసు వెళ్లింది. అదీ ఆ వచ్చే బుధవారం గడువుతోనే.

శుక్రవారం ఎన్నికల విభాగం డిప్యూటీ తహశీల్దారు మాణిక్యాంబ గారిని పిలిపించారు. 'ఈ' గదిలో ఉన్నదంతా ఆవిడ విభాగానిదే. ఆవిడ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ పెట్టుకుని, ఇల్లు జప్తు చేయడానికి వచ్చినవాళ్లని చూసినట్టు మమ్మల్ని చూశారు.

"ఈ అంటే ఎలక్షన్లు సార్. అక్షరం కూడా మాదే. నా ఓటర్ల జాబితా వెంట్రుకవాసి కదలడానికి వీల్లేదు."

"జాబితా ఎక్కడికీ పోదండి," అని దిలీప్ బతిమాలాడు. "ఉన్నది ఉన్నట్టు కొంచెం అవతలికి జరుగుతుందంతే."

"కొంచెం జరిగినా జరిగినట్టే. జాబితా జరిగితే అందులో ఓటర్లు జరిగినట్టు. ఓటర్లు జరిగితే పోలింగు కేంద్రం దూరమైనట్టు. రెండు కిలోమీటర్లు మించి దూరమైతే కొత్త కేంద్రం పెట్టాలి. పెడతావా నువ్వు?"

దిలీప్ పెట్టలేనన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ సూరమ్మ వదినకి ఓపిక నశించింది. "ఎనకాల జాగా ఉన్నాది. ముందరింటోళ్లు అడ్డం ఉన్నారు. ఊళ్లో ఇలాటివి లేవేటి బావూ? మడిసి నడిచీంత సందిస్తారు. ఎల్లొస్తారు. దీనికింత గోలెందుకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పురుషోత్తం గారి ముఖం విప్పారింది.

"సందు! ఈ దృష్టికోణము మనకు స్ఫురించలేదు. డీకి 'ఈ' గుండా మార్గము. దీనినే సుఖభోగపు హక్కు అందురు. దానికి వేరుగా ఒక ఫైలు తెరువవలెను."

"సుఖభోగం ఎవులికి బావూ?" అంది సూరమ్మ వదిన. హెడ్డు గుమస్తా అప్పటికే కొత్త కట్టకి దారం కడుతున్నాడు.

ఖాళీ జాగా ఉందన్న వార్త అప్పటికి ఆఫీసు దాటింది. ఎవరి పేరనా లేని జాగా కాబట్టి దాన్ని పోరంబోకుగా తేల్చారు. దాంట్లో కాగితం దాచినా ఆక్రమణ కిందే లెక్క అన్నారు. అలా తేల్చారని తెలియగానే దరఖాస్తులు మొదలయ్యాయి. రేషను విభాగం తనకి అరెకరం కావాలంది. గణాంకాల అధికారి మూల బిట్టు అడిగాడు. వాచ్‌మన్ తన చెల్లెలి పెళ్లి వీడియో పెట్టుకోవడానికి రెండు సెంట్లిప్పించమని, తాను భూమిలేని నిరుపేదనని రాసుకున్నాడు. అందరి దరఖాస్తుల్లోకీ అతనిదే న్యాయంగా ఉంది.

శనివారం పురుషోత్తం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరికి వారికి జాగా ఇచ్చి అక్షరం ఇస్తున్నప్పుడు, కార్యాలయాధిపతికి ఎఫో జీయో రావడం ప్రోటోకాలుకి విరుద్ధం. ఆయనకి ఏ కావాలి.

"ఏ, బీ ఇవ్వడానికి లేదండి," అన్నాడు దిలీప్. "అవి పాతకాలపు ఫ్లాపీ డిస్కులవి."

"వారెక్కడ ఉన్నారు?"

"ఇప్పుడెక్కడా లేరండి. ఎప్పుడో పోయాయి. పేరు మాత్రం అలా ఉండిపోయింది."

"అనగా పట్టాదారు కీర్తిశేషుడు. మరణ ధ్రువపత్రము ఉన్నదా?"

దిలీప్ కుర్చీలో కూలబడ్డాడు. ఫ్లాపీకి వారసులెవరైనా ఉంటే హాజరు కావలసిందిగా నోటీసు బోర్డులో ప్రకటన పెట్టారు. సాయంత్రానికి మా ఊరి తాగుబోతు ఒకడు వచ్చి, అది మా మేనమావే అని వేలిముద్ర వేయబోతే తలారి బయటికి గెంటాడు.

ఇంటికి పోయేముందు మేం పురుషోత్తం గారి దగ్గర ఆఖరిసారి నిలబడ్డాం. ఆయన మనసు కరిగింది. నిజంగానే కరిగింది. స్వయంగా చెప్పి ఒక ఉత్తరం టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. 'కుమారి హిమబిందు స్థానికత విషయమై ఈ కార్యాలయమునకు ఎట్టి సందేహము లేదు. అయితే పార్టిషన్ వ్యవహారము పెండింగులో ఉన్నందున పత్రము జారీ చేయబడలేదు. వాటాలు తేలిన వెంటనే జారీ చేయబడును.'

"ఇది ఎక్కడ దాచావురా?" అని నేను దిలీప్‌ని చాటుగా అడిగాను.

"ఎక్కడా దాచలేదు మాస్టారూ. దాచకుండా ప్రింటు తీయడానికి ఉత్తరాలకి అనుమతుంది. ధ్రువపత్రాలకి లేదు."

సోమవారం తెల్లారుజామున బస్సెక్కాం. హిమబిందు ఎప్పుడో కొనుక్కున్న తెల్లబూట్లు కవరులో పెట్టుకుని ఒళ్లో పట్టుకుంది. ఇప్పుడెందుకవి అంటే, చేరమంటే ఆరోజే చేరిపోవాలట మావయ్యా అంది. సూరమ్మ వదిన దారి పొడుగునా ఆ ఉత్తరాన్ని కొంగులోంచి తీసి, మడత చూసి, మళ్లీ కట్టుకుంది.

కౌన్సెలింగులో బల్ల వెనకాల కూర్చున్న మేడం నెమ్మదైన మనిషి. ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"మీ ఇంట్లో ఆస్తి తగాదా ఉందా అమ్మా?"

"మా ఇంట్లో కాదు మేడం," అంది హిమబిందు. "కంప్యూటర్లో."

మేడం ఆ పిల్ల ముఖంలోకి చూసింది. నవ్వుదామా అనుకుని మానేసింది. "స్థానిక కోటాలో ఒక్క సీటే ఉందమ్మా. కాగితం లేకుండా ఇవ్వలేను. పంపకాలు తేలాక వచ్చే ఏడు రా," అని ఉత్తరం తిరిగిచ్చి, తర్వాతి పేరు పిలిచింది. ఆ పేరుగల పిల్ల లేచి వచ్చి, కాగితం బల్లమీద పెట్టి, కూర్చుంది. కాగితం కొత్తది. సిరా వాసన మా దాకా వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో హిమబిందు బూట్ల కవరుని సీటు కిందికి తోసేసింది. సూరమ్మ వదిన ఉత్తరాన్ని కొంగులోంచి మళ్లీ తీయలేదు.

బుధవారంతో గడువు తీరింది. వాటాదారులెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఫ్యాను కూడా ఏమీ అనలేదు. మాణిక్యాంబ గారికి ఆమె ఓటర్లని ఎత్తుకుని, నేలకి తగలకుండా, మర్యాదగా అవతలికి చేరుస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. గురువారం మంచి ముహూర్తం చూసి సభ పెట్టారు. కంప్యూటరుకి బంతిపూల దండ వేశారు. మమ్మల్ని కూడా రమ్మని తలారి ఇంటికొచ్చి చెప్పాడు. వదిన రానంది. వచ్చే ఏటికైనా కాగితం అక్కరే కదా అని నేనే నచ్చజెప్పి, తల్లీకూతుళ్లని తీసుకెళ్లాను.

దిలీప్ మీట నొక్కాడు. గంట పనన్నాడు గానీ, పాపం, ఉపన్యాసాలు అవకముందే అయిపోయింది. 'ఈ' జరిగింది, డీ పెరిగింది, మిగిలిన ముక్కలో వాచ్‌మన్‌కి రెండు సెంట్లు దక్కాయి. కొబ్బరికాయ కొట్టారు. హిమబిందు ధ్రువపత్రం ఆ కొత్త జాగాలో భద్రపడ్డ మొట్టమొదటి పత్రం అయింది. దాన్ని రంగుల్లో ముద్రించి, ఫ్రేము కట్టించి, శాలువాతో సహా అందజేశారు. ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ఎక్కడ దాస్తారో అడగాలనిపించింది గానీ ఊరుకున్నాను.

పురుషోత్తం గారు మైకు అందుకున్నారు. "ఒక్క నెత్తురు బొట్టు చిందకుండా, ఒక్క కోర్టు మెట్టు ఎక్కకుండా ఈ మండలములో పార్టిషన్ పూర్తయినది. దీనివలన మొట్టమొదట లబ్ధి పొందిన తల్లి మన మధ్యనే ఉన్నది. చెప్పమ్మా, నీ కూతురు ఈ మండలము పిల్లయే అని ఈనాడు అధికారికముగా తేలినది గదా. నీకెట్లున్నది?"

తలారి మైకు తెచ్చి సూరమ్మ వదిన నోటి ముందు పెట్టాడు. ఆవిడ ఫ్రేముని చంకలో పెట్టుకుని, మైకుని కొంచెం దూరంగా జరిపి అంది:

"మీ డిస్కులో జాగా దొరికినాది, సంతోసం బావూ. మా పిల్ల జాగాలో మాత్రం ఇంకెవులి పిల్లో కూకున్నాది. ఆ పిల్లది ఏ మండలమో కనుక్కోని సెప్పండి. మేం మూటాముల్లే సద్దుకోని ఆ ఊరోళ్లమే అయిపోతాం."